తొలిసారి ఆడేవాళ్ల టైమ్

సూపర్ మారియో మొదటి లెవెల్‌లో తెర పైన కుడివైపు 400 అన్న అంకె కనిపిస్తుంది. అవి సెకన్లు కావు. ఒక్కో అంకె తగ్గడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. అంటే మన చేతిలో ఉన్నది దాదాపు రెండు నిమిషాల నలభై సెకన్లు. ఆరితేరినవాళ్లు ఆ లెవెల్‌ని అర నిమిషానికి అటూ ఇటూగా దాటేస్తారు. కొత్తవాళ్లకి ఆ 400 ఒక్కోసారి చాలదు. లెవెల్ అదే, మారియో పరిగెత్తగల వేగమూ అదే. మరి ఆ మిగతా టైమంతా ఎక్కడికి పోతోంది?

తొంభైల్లో మన ఊళ్లలో టీవీ గేమ్ పేరుతో అమ్మిన డబ్బాల్లో క్యాసెట్ పెట్టి ఈ ఆట ఆడిన తరం మాది. ఇప్పుడు ఇంట్లో పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని వాళ్ల చేతులే చూస్తుంటాను. కొత్తగా ఆడే పిల్ల కుడి బొటనవేలు గాల్లోనే ఉంటుంది. గెంతాలనిపించినప్పుడు బటన్ మీదికి దిగుతుంది, వెంటనే లేచిపోతుంది. అలవాటైనవాళ్ల వేలు అసలు లేవదు. కొస పరుగుల బటన్‌ని అదిమిపట్టి ఉంటుంది, అదే వేలి కణుపు పక్కకి వాలి గెంతుల బటన్‌ని నొక్కుతుంది. పరుగు ఆగకుండానే గెంతు పడుతుంది.

అయినా వేళ్ల వల్ల కలిసొచ్చేది కొంతే. అసలు టైమ్ పోయేది ఆగిన చోట్ల. మొదటి శత్రువు గూంబా ఎదురురాగానే కొత్తవాళ్లు నిలబడిపోతారు, రెండడుగులు వెనక్కి వేస్తారు. పెట్టెలోంచి పుట్టగొడుగు బయటికొస్తే అదీ శత్రువేనని దాటబోతారు. అది ముందుకెళ్లి గొట్టానికి తగిలి మళ్లీ వాళ్ల వైపే వస్తుంది. పైన ఇటుకలు అడ్డు, తప్పించుకోవడం కష్టం. తగలగానే మారియో పెద్దవాడవుతాడు. ఆటని రూపొందించిన మియమోతో, తెజుకా కావాలనే అలా అమర్చారు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. ఒక్క మాట చెప్పకుండా పాఠం నేర్పుతుంది. ఆ పాఠం వచ్చినవాళ్లు అక్కడ ఇక ఆగరు. ఇక నాలుగో గొట్టంలోకి దిగొచ్చని తెలిసినవాళ్లు లెవెల్ మధ్య భాగం చాలావరకు వదిలేసి జెండాకి దగ్గర్లో తేలతారు.

అందుకే 'ఈ లెవెల్‌కి సగటున ఇంత టైమ్' అన్న మాటకి నేను పెద్దగా విలువివ్వను. కొత్తవాళ్ల టైములకి ఒకదానికొకటి పొంతనే ఉండదు. అనుభవం పెరిగేకొద్దీ అవి దగ్గరపడతాయి. తగ్గుదల కూడా మొదట్లో గబగబా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. చుట్టలు తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికుల మీద క్రాస్‌మన్ అనే పరిశోధకుడు 1959లో ఇదే చూపించాడు. ఏళ్ల తరబడి అదే పని చేస్తున్నవాళ్లు కూడా ఇంకా కాస్త కాస్త వేగం పుంజుకుంటూనే ఉన్నారు, యంత్రం ఇంతకంటే తిరగనన్న హద్దు వచ్చేదాకా.

మారియోకీ అలాంటి హద్దుంది. లెవెల్ అయిపోయాక ఆట మనల్ని తర్వాతి లెవెల్‌కి 21 ఫ్రేములకోసారి, అంటే సుమారు 0.35 సెకనుకోసారి మాత్రమే పంపిస్తుంది. ఆ మధ్యలో కాస్త ముందొచ్చినా లాభం లేదు. స్పీడ్‌రన్ చేసేవాళ్ల, అంటే ఆటని వీలైనంత తక్కువ టైమ్‌లో ముగించాలని చూసేవాళ్ల పోరాటం ఆ 21 ఫ్రేములతోనే. మొత్తం 32 లెవెల్స్‌లో మధ్య లెవెల్స్ దాటించే వార్ప్ జోన్ల దారిన ఎనిమిదే ఆడి, 2021 ఏప్రిల్‌లో నిఫ్ట్‌స్కీ అనే ఆటగాడు 4 నిమిషాల 54.948 సెకన్లలో ఆట ముగించాడు. 4:55 లోపు చేసిన మొదటివాడు అతనే. 1985లో ఆట బయటికొచ్చిన ముప్పై ఐదేళ్లకి!

అనుభవానికి ఇంకో ముఖముంది, అది తయారుచేసేవాళ్లకి సంబంధించింది. తమ లెవెల్ తాము వందలసార్లు ఆడినవాళ్లకి అందులో కష్టం కనిపించదు. 1986లో జపాన్‌లో వచ్చిన రెండో మారియో, మొదటిది ఆడి ఆరితేరినవాళ్ల కోసం చేసింది. అట్ట మీదే సూపర్ ప్లేయర్లకని రాశారు. ఎదురొచ్చే పుట్టగొడుగు విషం కూడా కావచ్చు. అమెరికాలో ఇది మరీ కష్టమని నింటెండో అక్కడి శాఖ వెనక్కి తగ్గింది. 1988లో అక్కడ ఆ పేరుతో వచ్చింది పూర్తిగా వేరే ఆట. అసలుది 1993 దాకా అమెరికా చేరలేదు. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే. కొత్తగా చేరే ఆటగాడికి చోటు లేని ఆట, ఎంత గొప్పగా కట్టినా, ఉన్నవాళ్లతోనే మిగిలిపోతుంది.

హైదరాబాద్‌లో ఇవాళ ఎంతోమంది యువకులు గేమ్స్ తయారుచేస్తున్నారు. వాళ్లకి నాదొక్క విన్నపం. లెవెల్‌కి టైమ్ పెట్టేటప్పుడు మీ టైమ్ చూసుకోకండి, ఆఫీసులో పక్క సీటువాళ్ల టైమూ చూడకండి. ఆ ఆట ఎన్నడూ చూడని మనిషిని కూర్చోబెట్టండి, చేతికివ్వండి. ఎక్కడ ఆగారో రాసుకోండి. ఆడుతున్నంతసేపూ 'అక్కడ నొక్కండి' అని మాత్రం అనకండి.