నిలిచేది చేసుకుందాం, వేలాడేది కొనుక్కుందాం

ఇంజను దించే సాధనం మనమే చేసుకోవాలా, కొనుక్కోవాలా? పనిముట్ల గురించి రాస్తానని తెలిసినవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. వెల్డింగ్ చేతిలో ఉన్నవాడు ‘నాలుగు పైపులు, ఒక గడ్డర్ ఉంటే చాలు, కొనడం దండగ’ అంటాడు. వెల్డింగ్ రానివాడు ‘కంపెనీ మాల్ అయితే భయం ఉండదు’ అంటాడు. ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉందని హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో ఒక షెడ్డు చూశాక నాకు గట్టిగా అనిపించింది.

మూసాబౌలీ వైపు పోయే దారిలో ఒక సందు. ఆటో వస్తుంటే ఎదురొచ్చే స్కూటర్ ఏదో ఒక గడపను ఆనుకుని ఆగాల్సిందే. ఆ సందు చివర రేకుల షెడ్డు. షెడ్డుకు అడ్డంగా పైన పాత గడ్డర్. దాని అంచుల మీద నాలుగు చక్రాల ట్రాలీ. ట్రాలీ కింద చైన్ పుల్లీ. ఉస్తాద్ ఒక జీపు ఇంజను పైకి లాగి, ట్రాలీని భుజంతో నెట్టి, పక్కనున్న ఇనుప బల్ల మీదికి దించాడు. ఎక్కడా కుదుపు లేదు.

“గడ్డర్ మా అబ్బా పెట్టించిండు సాబ్. పాత హవేలీ పడగొడితే తెచ్చిండు. ట్రాలీ నేను చేసిన. బేరింగులు లారీ స్క్రాపుల దొరికినయి. చైన్ పుల్లీ మాత్రం రాణీగంజ్‌ల కొన్న.”

“ట్రాలీ చేసినోడివి, అది కూడా చేసుకోలేవా భాయ్?”

“చెయ్యొస్తది. కానీ చెయ్య. దాని కింద నా కొడుకు పని చేస్తడు.”

ఇన్నేళ్ళుగా నేను చదివిన పుస్తకాలన్నిటి కంటే ఈ మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఏది చేసుకోవచ్చో, ఏది చేసుకోకూడదో అతను ఎప్పుడో గీత గీసుకున్నాడు. ఆ గీత ఎక్కడ పడాలో కొంచెం వివరంగా చెప్పాలని ఈ వారం కూర్చున్నాను.

ముందు, చేసుకున్నదాని పక్షాన మాట్లాడతాను. బజార్లో మడత ఇంజన్ క్రేన్లు దొరుకుతున్నాయి. కింద చక్రాల కాళ్ళు, మధ్యలో హైడ్రాలిక్ జాక్, పైన ముందుకు సాగే చెయ్యి. చదునైన కాంక్రీటు నేల మీద అది అద్భుతమైన వస్తువు. పాతబస్తీ సందులో నేల ఎక్కడ చదునుగా ఉంది? ఒకచోట షాబాదు బండ, ఒకచోట మట్టి, మధ్యలో మోరీ మూత. ఇంజను ఎత్తి పట్టుకున్న క్రేన్ చక్రం బండల సందులో దిగబడితే మొత్తం పక్కకు ఒరుగుతుంది. ఇంకో సంగతి కొనేవాళ్ళు గమనించరు. ‘2 టన్నులు’ అని రాసున్న క్రేన్ చెయ్యిని పూర్తిగా లోపలికి ఉంచినప్పుడే ఆ బరువు ఎత్తుతుంది. చివరి దాకా సాగదీస్తే మామూలుగా అర టన్నుకు పడిపోతుంది. ఇంజను దగ్గరికి చేరాలంటే చెయ్యి సాగదీయక తప్పదు. లారీ ఇంజను ఒక్కటే నాలుగైదు వందల కిలోలు ఉంటుంది. కాబట్టి ఇరుకు షెడ్డుకు నెత్తి మీద గడ్డరే సరైన సాధనం. ఆ షెడ్డు కొలతకు సరిపోయే గడ్డర్ ఏ కంపెనీ అమ్మదు. చేసుకోవాల్సిందే.

చేసుకోవడం మనకు కొత్తా? హుస్సేనీ ఆలం నుంచి కాస్త నడిస్తే మక్కా మసీదు. నమాజు గూడుకు వాడిన ఒకే ఒక్క రాయిని కొండలోంచి తొలవడానికి అయిదేళ్ళు పట్టిందని, అయిదారు వందల మంది పనిచేశారని, దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు కట్టారని 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు. అంత బరువుకు తయారు సరుకు ఎక్కడా లేదు. మోకులు, దుంగలు, వాలు కట్టలు, మనుషుల బుద్ధి.

మన పల్లెల్లో బోరు మోటారు తీసేవాళ్ళను చూడండి. మూడు ఇనుప పైపుల్ని పైన ఒక బోల్టుతో కలిపి ముక్కాలి నిలబెడతారు. చైన్ పుల్లీ తగిలించి, నీళ్ళతో నిండిన ఇనుప పైపుల్ని ఒక్కొక్కటే పైకి లాగుతారు. క్లాంపు బిగించి, పైపు విప్పి పక్కన పడేసి, మళ్ళీ కొక్కెం తగిలిస్తారు. వేసవిలో పంట ఎండుతుంటే రైతుకు ఆ ముక్కాలే దిక్కు. తర్వాత వెల్డింగ్ షాపులవాళ్ళు ఆ పనిని ట్రాక్టరు వెనక బిగించే యంత్రంగా మార్చారు. అంతకు ముందు బావి తవ్వే క్రేన్లు ఉండేవి. వాసం, తీగ మోకు, డీజిల్ ఇంజను, పెద్ద తొట్టి. మట్టి ఎక్కిన తొట్టిలోనే మనుషులూ ఎక్కి దిగేవాళ్ళు. తెలంగాణలో ఎన్ని బావులు అలా లోతు పెరిగాయో! ఈ పనితనాన్ని ‘జుగాడ్’ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళంటే నాకు కోపం. ఇది లెక్క తెలిసిన చేతుల పని.

అయితే ఆ లెక్క ఎక్కడో ఒకచోట తప్పుతూ ఉంటుంది. మన మిస్త్రీలు గడ్డర్‌ను చూస్తారు, గోడను చూడరు. గడ్డర్ మధ్యలో బరువు వేలాడితే వంపు ఎంతన్నది పొడవు మీద ఆధారపడుతుంది. అదే గడ్డర్‌ను రెట్టింపు వెడల్పు షెడ్డులో వేస్తే దాన్ని విరవాలని చూసే బలం రెట్టింపవుతుంది, కిందికి వంగడం ఎనిమిది రెట్లవుతుంది. ఇంత తేడా ఉంటుందని చెప్తే నమ్మని మేస్త్రీలను చూశాను. అయినా పాత గడ్డర్లు సాధారణంగా మోస్తాయి. మోయలేనిది వాటి కొసలు ఆనిన గోడ. పాతబస్తీ ఇళ్ళలో చాలా గోడలు డంగు సున్నంతోనో మట్టితోనో కట్టినవి. వాటిలో రంధ్రం కొట్టి గడ్డర్ దూర్చితే బరువంతా నాలుగు వేళ్ళ చోటు మీద పడుతుంది. ఏటా వానాకాలానికి ముందు జీహెచ్ఎంసీ శిథిల భవనాలకు నోటీసులు ఇస్తూనే ఉంటుంది. నాని నాని గుల్లబారిన గోడ మీద ఇంజను వేలాడదీస్తే ఆ నోటీసు నిజమవుతుంది. గడ్డర్ కొస కింద మందపాటి రాతి దిమ్మెనో ఇనుప పలకనో వేయాలి. అంతకంటే మేలు, గోడను నమ్మకుండా రెండు వైపులా ఇనుప స్తంభాలు దించి వాటి మీదే గడ్డర్ ఆనించడం. నేను చూసిన షెడ్డులో ఉస్తాద్ అదే చేశాడు. స్తంభాల పాదాలు కాంక్రీటు దిమ్మెల్లో ఉన్నాయి.

బరువు కొక్కెం దగ్గర ఆగిపోదు, నేల దాకా దిగుతుంది. ఈ సంగతి పెద్ద పెద్ద పనుల్లోనూ మరిచిపోతే ఏమవుతుందో మన నగరానికి తెలుసు. 1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగిపోయింది. వందల టన్నుల ఏకశిల నీళ్ళ అడుక్కి వెళ్ళింది, పనివాళ్ళ ప్రాణాలు పోయాయి. మళ్ళీ దాన్ని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. రాయి పగల్లేదు. మోసే అడుగే మోయలేకపోయింది.

ఇక కొన్నదాని సంగతి. చైన్ పుల్లీకి మనం ఇచ్చే డబ్బు దేనికి? గొలుసుకా, ఇనుముకా? నన్నడిగితే అందులో పెద్ద వాటా బ్రేకుకు. ఆ మూత విప్పి చూస్తే లోపల పల్లెం లాంటి రెండు రాపిడి బిళ్ళలు, వాటి మధ్య రాచెట్ చక్రం, దాని పళ్ళలో పడే నాలుక కనిపిస్తాయి. వెస్టన్ బ్రేక్ అంటారు, 19వ శతాబ్దపు ఇంజనీరు పేరు మీద. వేలాడుతున్న బరువే మర తిప్పి ఆ బిళ్ళల్ని బిగిస్తుంది. బరువు ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిది. చేతి గొలుసు వదిలేసి టీ తాగి రావచ్చు, ఇంజను ఉన్నచోటే ఉంటుంది. దించాలంటే గొలుసును వెనక్కి లాగుతూ మనమే ఆ పట్టును కొంచెం కొంచెంగా సడలించాలి. మనిషి చెయ్యి జారినా బరువు జారదు.

దీనికి మనిషి చెల్లించే మూల్యం ఓపిక. 1 టన్నును సుమారు 30 కిలోల లాగుడుతో ఎత్తాలంటే, బరువు 1 మీటరు లేచేసరికి చేతి గొలుసు కనీసం 33 మీటర్లు లాగాలి. రాపిడిని కలిపితే ఇంకా ఎక్కువ. తొందరపడేవాళ్ళకు ఇది నచ్చదు. అందుకే పాత లారీ గేరుబాక్సుకు హ్యాండిల్ వెల్డింగ్ చేసి, తీగ మోకు చుట్టి, సొంత వించి తయారుచేస్తారు. ఎత్తేటప్పుడు అది బాగానే ఎత్తుతుంది. దించేటప్పుడు బరువంతా మనిషి మణికట్టు మీద ఉంటుంది. రాచెట్ నాలుకను ఎవరో చేత్తో ఎత్తి పట్టుకుంటారు. క్షణం ఏమరుపాటు చాలు, హ్యాండిల్ గిర్రున తిరిగి దవడనో మోచేతినో కొడుతుంది. చేతులు విరిగిన బోరు మెకానిక్కులు మన ఊళ్ళలో అరుదేం కాదు. బ్రేకు లేని వించిని నేను ఏ షెడ్డులో చూసినా ముందు దాన్ని తీసేయమనే చెప్తాను.

బ్రేకు తర్వాత గొలుసు, కొక్కెం. చైన్ పుల్లీ గొలుసు మామూలు దుకాణంలో తూకానికి అమ్మే గొలుసు లాంటిది కాదు. మిశ్రమ లోహంతో, వేడి చేసి చల్లార్చే పద్ధతిలో గట్టిపరిచింది. ఒక లింకు తెగితే వెల్డింగ్ పెట్టి అతికించేవాళ్ళున్నారు. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల లోహం గుణమే పోతుంది. బోల్టు దూర్చి కలపడం ఇంకా ఘోరం. కొక్కెం సంగతీ అంతే. మంచి కొక్కెం విరగడానికి ముందు సాగుతుంది, నోరు తెరుచుకుంటుంది, అలా మనల్ని హెచ్చరిస్తుంది. ఇనుప కడ్డీని వంచి చేసుకున్న కొక్కేనికి ఆ గుణం ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంజనుకు గొలుసు ఎలా తగిలించామన్నది ఇంకా ముఖ్యం. రెండు కాళ్ళ గొలుసుతో 400 కిలోల ఇంజను ఎత్తుతున్నామనుకుందాం. గొలుసు కాళ్ళు నేలబారుకు 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కో కాలి మీద సుమారు 231 కిలోలు పడతాయి. 45 డిగ్రీలైతే 283. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కో కాలు మొత్తం 400 కిలోలు మోస్తుంది. 15 డిగ్రీలైతే 773. బరువు మారలేదు, కోణం మాత్రమే మారింది. పైన ఎత్తు చాలడం లేదని గొలుసును పొట్టిగా, వెడల్పుగా కట్టే ప్రతి షెడ్డులోనూ ఇదే జరుగుతోంది. ఖరీదైన హాయిస్టు కూడా దీన్నుంచి కాపాడదు.

కాబట్టి కొన్నది కదా అని కళ్ళు మూసుకోవడం కుదరదు. 1962లో మొదలైన హెర్క్యులీస్ హాయిస్ట్స్ తెచ్చిన ‘ఇండెఫ్’ లాంటి పేరున్న సరుకు మన దేశంలోనే తయారవుతోంది. చేతి గొలుసు పుల్లీలకు భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 3832. రాసిన బరువుకు ఒకటిన్నర రెట్లతో పరీక్షించాకే మంచి పుల్లీ ఫ్యాక్టరీ గేటు దాటుతుంది. ఆ పరీక్ష పత్రం అడగండి. పత్రం లేని ‘2 టన్నుల’ ముద్ర ఉత్త రంగు. సెకండ్‌హ్యాండ్‌లో జుమ్మేరాత్ బజార్‌లో దొరికినదైతే ముందు మూత విప్పి బిళ్ళలు చూడండి. వాటికి నూనె తగిలి ఉంటే పట్టు పోయినట్టే. నూనె పెడితే యంత్రానికి మంచిదని బ్రేకులో కూడా పోసే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది. గొలుసుకు నూనె కావాలి, బ్రేకు బిళ్ళలు పొడిగా ఉండాలి.

ఎత్తే యంత్రాలు, గొలుసులు, మోకుల మీద మోయగల బరువు రాసి ఉండాలని, 12 నెలలకు ఒకసారైనా అర్హుడైన మనిషి వాటిని క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షనే చెప్పింది. కరెంటు వాడే చోట 10 మంది పనివాళ్ళుంటేనే ఆ చట్టం లెక్కలోకి వచ్చేది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. తండ్రి, కొడుకు, ఒక హెల్పర్ కలిసి నడిపే షెడ్డు ఏనాడూ ఆ లెక్కలోకి రాలేదు, ఇక రాదు కూడా. ఇంజను మాత్రం వాళ్ళ నెత్తి మీదా అంతే బరువుగా వేలాడుతుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే ప్రభుత్వానికి ఒక విన్నపం. నగరంలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఏడాదికోసారి చిన్న షెడ్లవాళ్ళ చైన్ పుల్లీలను ఉచితంగా పరీక్షించి, తేదీ ముద్ర వేసి ఇవ్వాలి. విద్యార్థులకు అంతకంటే మంచి పాఠం దొరకదు. మెకానిక్ సోదరులకు ఇంకో మాట. ఒక్కరికి కొనే స్తోమత లేకపోతే సందులోని నలుగురూ కలిసి ఒక మంచి పుల్లీ కొనండి. స్టాండు, ట్రాలీ, గడ్డర్ మీ చేతులతోనే చేసుకోండి, ఆ పనిలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరు. బ్రేకు, గొలుసు, కొక్కెం మాత్రం చెయ్యకండి. ఈ శుక్రవారం షాపు మూసి ఉన్నప్పుడు పుల్లీని కిందికి దించి, కొక్కెం నోరు కొలవండి, గొలుసును లింకు లింకూ గుడ్డతో తుడిచి చూడండి. ఏ ఒక్కటి తేడాగా కనిపించినా శనివారం దాన్ని మళ్ళీ గడ్డర్‌కు తగిలించవద్దు.