‘ప్రభువు’ అనే మాట, మానస్ చెర

కుర్దు రచయిత బెహ్రూజ్ బూచానీ, ఆస్ట్రేలియా తనను నిర్బంధించిన మానస్ దీవి నుండి ఫోను సందేశాలుగా పంపిన గ్రంథం ‘నో ఫ్రెండ్ బట్ ది మౌంటెన్స్’ (2018). తిండికీ మందుకూ గంటల తరబడి వరుసలో నిలబెట్టడమే మనిషిని కృంగదీస్తుందని ఆయన చూపాడు. అక్కడ కాలికి ఇన్ఫెక్షన్ సోకి 2014లో చనిపోయిన ఇరాన్ యువకునిది నివారించదగిన మరణమని 2018లో కరోనర్ తేల్చారు.

ఆంగ్లానువాదం ఆ వ్యవస్థను ‘కైరియార్కల్’ అంటుంది. ఇది వేదాంతి ఎలిజబెత్ షూస్లర్ ఫియోరెంజా కల్పించిన మాట. మూలం గ్రీకు ‘కురియొస్’, అనగా ప్రభువు. పేరు తగినదే గాని, పాదాలు కడిగిన ప్రభువుకు (యోహాను 13:14) అందులో చోటు లేదు.

అడ్వాన్సు తీసుకొని వలస పోయిన పాలమూరు కూలీ ఖైదీ కాడు. అయినా జ్వరమొస్తే మేస్త్రీ అనుమతికై నిలబడవలసిందే. ఆ మేస్త్రీ మన సంఘస్థుడైతే, అతనికి ఏ ప్రభువును బోధిస్తున్నాము?