ధ్యానమా, అవధానమా? ఆరుబయట నీటిరంగుల, పాస్టెల్ చిత్రణపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ప్రకృతి ఎదుట కూర్చుని నీటిరంగులతోను, పాస్టెల్‌తోను చిత్రించడాన్ని ‘ధ్యానం’గా వర్ణించడం ఇటీవల పరిపాటి అయింది. ఈ వర్ణన చిత్రకారుని మనఃస్థితిని చెబుతుంది కాని, చిత్రాన్ని గురించి ఏమీ చెప్పదు. ఈ రెండు మాధ్యమాల పనితీరును, యూజీన్ బూదాఁ పాస్టెల్ మేఘచిత్రాలను, రాజమహేంద్రవరపు చిత్రకళా సందర్భాన్ని ఆధారం చేసుకుని, ఈ సాధనను వివరించడానికి ‘ధ్యానం’ కన్న ‘అవధానం’ తగిన విమర్శపదమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆరుబయటి చిత్రణ, నీటిరంగులు, పాస్టెల్, అవధానం, ధారణ, ప్రకృతిదృశ్యం.

1. ఉపోద్ఘాతం

బౌద్ధసాధనలోని ‘సతి’ అనే పాలీ పదానికి సంస్కృత రూపం ‘స్మృతి’. జాన్ కబాట్-జిన్ 1979లో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఒత్తిడి నివారణ శిక్షణతో ఈ భావన వైద్యరంగంలోకి వచ్చింది. చిత్రలేఖనంలో అంతకు ముందే, 1973లో, ఫ్రెడరిక్ ఫ్రాంక్ ‘ది జెన్ ఆఫ్ సీయింగ్’ అనే గ్రంథంలో గీయడాన్ని ధ్యానమార్గంగా ప్రతిపాదించాడు. నేడు ఆరుబయటి చిత్రణ గురించిన మాటల్లో ఈ రెండు ధోరణులూ కలిసిపోయాయి. మనసు నిలిచితే చాలు, ఫలితంతో పని లేదన్నది వాటి సారాంశం.

సాధకునికి ఈ మాట ఊరట కలిగించవచ్చు. విమర్శకునికి మాత్రం ఇది చిక్కు తెస్తుంది. చిత్రించినవాడు ప్రశాంతంగా ఉన్నాడా లేదా అన్నది కాగితం చెప్పదు. ఫలితంతో పని లేదన్న తరువాత మంచి చిత్రానికీ, పేలవమైన చిత్రానికీ భేదం చెప్పే అవకాశమూ ఉండదు. అప్పుడు విమర్శకు చోటే లేదు. ఈ చూపులోని నిలకడను చిత్రంలోనే గుర్తించే మార్గం ఉన్నదా అన్నది ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న.

2. మాధ్యమం విధించే నియమాలు

పారదర్శకమైన నీటిరంగుల పద్ధతిలో తెల్లరంగు వాడరు. కాగితమే తెలుపు. వెలుగు పడిన చోటును రంగుతో తెచ్చుకోలేము, రంగు పడకుండా కాపాడుకోవాలి. నీటి మీది తళుకు చూసేవారికి తుదిమెరుగుగా తోస్తుంది. కాని దాని చోటు మొదటి పూతకు ముందే నిర్ణయమై ఉండాలి. పూత తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి, ఆరిన తరువాత లేతబడుతుంది. కనుక చిత్రకారుడు కళ్లెదుట ఉన్న రంగును కాక, కాసేపటికి మిగిలే రంగును ఊహించి కలపాలి. సగం ఆరిన పూత మీద నీటిచుక్క పడితే అంచులు విరిగిన మరక ఏర్పడుతుంది. ఎండ మండే మధ్యాహ్నం పూత పరచడం ముగియకముందే అంచు ఆరిపోతుంది; ముసురు పట్టిన రోజున ఎంతసేపటికీ ఆరదు. వాతావరణం చిత్రానికి వస్తువు మాత్రమే కాదు, చిత్రణలో భాగస్వామి కూడా.

పాస్టెల్ నియమాలు వేరు. ఇది స్వల్పమైన బంకతో కూర్చిన పొడిరంగు కడ్డీ. ఆరడం కోసం ఆగవలసిన పని లేదు. ముదురు మీద లేత రంగును వేయవచ్చు. అందువల్ల నిమిషాలలో మారే ఆకాశానికి ఇది అనువైనది. అయితే రంగును పట్టి ఉంచేది కాగితపు గరుకుదనమే. పొరలు పెరిగి ఆ గరుకు నిండిపోతే కాగితం కొత్త రంగును స్వీకరించదు. అతిగా రుద్దితే రంగు మసకబారుతుంది. నీటిరంగులో తొందరపాటు చిత్రాన్ని చెడగొడితే, పాస్టెల్‌లో ఆపలేకపోవడం చెడగొడుతుంది. మొదటిది ముందుచూపును కోరుతుంది, రెండవది నిగ్రహాన్ని కోరుతుంది.

ఈ నియమాలను బట్టి చూస్తే ఆరుబయటి చిత్రణలో మనసు నిశ్చలంగా ఉండే అవకాశం తక్కువ. అది ఎంచుకుంటూ, వదులుకుంటూ, ముందుకు ఊహిస్తూ ఉంటుంది.

3. అవధానంతో పోలిక

ఇటువంటి మనోవ్యాపారానికి తెలుగు సాహిత్యంలో సిద్ధంగా ఉన్న పేరు అవధానం. అష్టావధానంలో ఏకాగ్రత ఏకాంతంలో పుట్టదు, ఆటంకాల మధ్య నిలుస్తుంది. అప్రస్తుత ప్రసంగి పని అవధాని దృష్టిని మళ్లించడమే. ఆరుబయట గాలి, ఈగలు, జరిగిపోయే నీడ, భుజం మీదుగా తొంగిచూసి ప్రశ్నలు వేసే బాటసారి ఆ పనే చేస్తారు.

ఈ పోలిక పైపైది కాదనడానికి మూడు అంశాలను చూపవచ్చు. మొదటిది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. మిగిలిన అవకాశాలలోనే పద్యం సాగాలి. నీటిరంగులో ప్రతి పూతా తరువాతి పూతకు కొన్ని దారులు మూసివేస్తుంది. రెండవది ఆవృత్తి. అవధాని ఒకే పద్యాన్ని ఏకబిగిన పూర్తిచేయడు. ఒక పాదం చెప్పి మరొక పృచ్ఛకుని వైపు తిరుగుతాడు. చిత్రకారుడు కూడా ఆకాశం ఆరేలోగా నేలను, నేల ఆరేలోగా చెట్టును అందుకుంటూ కాగితమంతటా తిరుగుతాడు. మూడవది ధారణ. చివర పద్యాలన్నిటినీ అవధాని అప్పగించినట్లే, మొదలుపెట్టిన ఘడియలోని నీడల అమరికను చిత్రకారుడు తుదివరకు జ్ఞాపకంలో నిలుపుకోవాలి. కదిలిన సూర్యుని వెంట పోతే చిత్రంలో రెండు వేళల నీడలు పడతాయి. ‘సతి’కి స్మృతి అనే అర్థం ఉన్నదన్న విషయం ఇక్కడ సార్థకమవుతుంది. వర్తమానంలో ఉండడమంటే గడచిన క్షణాన్ని వదలివేయడం కాదు, దానిని పట్టి ఉంచడం.

పోలికకు పరిమితి ఉంది. అవధానం సభాముఖంగా జరిగే ప్రదర్శన; దాని ఫలితాన్ని సభ అక్కడికక్కడే పరీక్షిస్తుంది. ప్రకృతి మెప్పూ చెప్పదు, తప్పూ పట్టదు. తప్పు పట్టే బాధ్యత చిత్రకారునిదీ, తరువాత విమర్శకునిదీ.

4. బూదాఁ మేఘాలు: ఒక నిదర్శనం

ఫ్రాన్స్‌లోని ఆన్‌ఫ్లర్ రేవుపట్టణంలో జన్మించిన యూజీన్ బూదాఁ (1824–1898) సముద్రాన్నీ, ఆకాశాన్నీ పాస్టెల్‌తో పదేపదే చిత్రించాడు. యువకుడైన క్లోద్ మోనెను ఆరుబయటి చిత్రణకు పురికొల్పినవాడు ఇతడే. 1859 నాటి ప్యారిస్ కళాప్రదర్శనను సమీక్షిస్తూ కవి బోదిలేర్ ఈ పాస్టెల్ అభ్యాసచిత్రాలను ప్రత్యేకంగా ప్రశంసించాడు. వాటి అంచున తేదీ, వేళ, గాలి వివరాలు రాసి ఉండడాన్ని గమనించాడు. ఆ రాతను చేతితో మూసినా ఋతువునూ, వేళనూ, గాలినీ మేఘాలను బట్టి పోల్చుకోవచ్చునని అతని అభిప్రాయం.

ఈ పరిశీలనకు విమర్శసూత్రంగా గొప్ప విలువ ఉంది. చిత్రకారుని ఏకాగ్రతకు రుజువు అతని మాటలో లేదు, మూసిన రాతను కూడా చిత్రం చెప్పగలగడంలో ఉంది. అయితే బోదిలేర్ ఇక్కడితో ఆగలేదు. ఇవి అభ్యాసాలే, కవితాస్పర్శ వల్లనే చిత్రాలు కావాలి అన్న గీత కూడా గీశాడు. ఈ గీతను నేడు యథాతథంగా అంగీకరించలేము. ఏది వదలాలో తెలిసిన అభ్యాసపత్రంలో కల్పన అప్పటికే పని చేసి ఉంటుంది. కాని ప్రతి అభ్యాసపత్రమూ చిత్రమేనన్న నేటి ఉదారవాదానికి ఆ గీత అవసరమైన హెచ్చరిక.

5. చూపు అమాయకం కాదు

‘ది ఎలిమెంట్స్ ఆఫ్ డ్రాయింగ్’ (1857)లో జాన్ రస్కిన్ వస్తువుల పేర్లు మరచి రంగుల మచ్చలను మాత్రమే చూసే అమాయకనేత్రాన్ని కోరాడు. అలాంటి నేత్రం అసాధ్యమని, చిత్రకారుడు తనకు తెలిసిన నమూనాలతో మొదలై వాటిని సవరించుకుంటాడని ఇ. హెచ్. గోంబ్రిచ్ ‘ఆర్ట్ అండ్ ఇల్యూజన్’ (1960)లో వాదించాడు. ఛందస్సు లేని అవధాని లేనట్లే నమూనా లేని చిత్రకారుడూ లేడు.

నమూనాలకు చరిత్ర ఉంటుంది. ఇంగ్లండులో నీటిరంగుల ప్రకృతిచిత్రణ సైనికవిద్యలో భాగం. ప్రసిద్ధ చిత్రకారుడు పాల్ శాండ్‌బీ 1768 నుంచి వూలిచ్ సైనిక విద్యాలయంలో చిత్రలేఖనం బోధించాడు. ఈస్టిండియా కంపెనీ 1809లో ఆడిస్‌కూంబ్‌లో నెలకొల్పిన సైనికశాలలోనూ అది పాఠ్యాంశమే. కొండనూ, ఏటినీ నిలకడగా చూడడం కొలతకూ, ఆక్రమణకూ ఉపయోగపడింది. కనుక నిలకడైన చూపు దానంతట అదే కరుణ కాదు.

రాజమహేంద్రవరంలో ఈ చరిత్ర మరొక మలుపు తిరిగింది. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజు వంటి యువకులను అతడు ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణ పొంది తిరిగివచ్చి తన ఊరిలోనే చిత్రకళాశాల నడిపాడు. అతని చిత్రాలలో పురాణఘట్టాలతో పాటు ప్రకృతిదృశ్యాలూ ఉన్నాయి. పాలకుల చూపుగా వచ్చిన పద్ధతి ఇక్కడ తన నేలను తాను చూసుకునే పద్ధతి అయింది.

అదే కాలంలో వంగదేశంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ జపాను చిత్రకారుల సాహచర్యంతో మరొక నీటిరంగుల పద్ధతిని రూపొందించాడు. చిత్రాన్ని మాటిమాటికి నీట తడిపి పలుచని పూతలతో మసకవెలుగును సాధించడం దాని లక్షణం. రూపం ముందు మనసులో కుదురుకోవాలన్న శుక్రనీతి భావనకు ఇది దగ్గర. మాధ్యమం ఒకటే అయినా ఒకటి కన్ను మూసిన సాధన, మరొకటి కన్ను తెరచిన సాధన. మొదటిదానిని ధ్యానమనడం సమంజసం. రెండవదానికీ అదే పేరు పెడితే రెండింటి ప్రత్యేకతా చెరిగిపోతుంది. ఇందులో హెచ్చుతగ్గుల ప్రసక్తి లేదు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఆరుబయటి చిత్రణలోని ఏకాగ్రత ప్రశాంతస్థితి కాదు. ఆటంకాల మధ్య సాగే ఎంపిక. దానికి ‘అవధానం’ సరిపోయే పదం.

2. ఆ అవధానం కాగితం మీద జాడలు వదులుతుంది. కాపాడుకున్న తెలుపు, ఒకే వేళకు కట్టుబడిన నీడలు, పాస్టెల్‌లో పూడిపోకుండా మిగిలిన కాగితపు గరుకు అటువంటివి. విమర్శకుడు మొదట చూడవలసినవి ఇవే.

3. నిలకడైన చూపు ఎవరి కోసం, దేని కోసం అన్న ప్రశ్నను వేరుగా అడగాలి. సౌందర్యం ఆ ప్రశ్నకు జవాబు కాదు.

మన చిత్రకారుల జీవితచరిత్రలు ప్రకృతిప్రేమను గురించి విరివిగా చెబుతాయి. ఆ ప్రేమ ఏ పూతలో, ఏ అంచులో పనిచేసిందో చిత్రాల ఎదుట నిలిచి చెప్పడం పరిశోధకుల బాధ్యత. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాల అటువంటి పనికి దగ్గరలో ఉన్న తొలి మజిలీ.