కిటికీని వాకిలి చేసిన చేతులు

ఉత్తర వేల్స్‌లోని రెక్సమ్ ఊరికీ మన చెన్నపట్నానికీ ఒక పాత చుట్టరికం ఉంది. 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా ఉన్న ఎలీహూ యేల్‌ను 1721లో ఇక్కడి సెయింట్ గైల్స్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ సొంత వ్యాపారం పెంచుకున్నాడన్న ఆరోపణల మీద పదవి పోయిన మనిషి. ఆయన పంపిన తొమ్మిది బేళ్ల సరుకు అమ్మితే వచ్చిన డబ్బుకే అమెరికాలో ఓ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఆ సమాధి కోసమే ఇక్కడికి వచ్చేవాళ్లున్నారు. నా మటుకు, అది చూసి వెనుదిరిగితే పెళ్లికి వెళ్లి పందిరి గుంజను చూసి వచ్చినట్టే.

ముందు గేటు దగ్గరే ఆగాలి. 1720 ప్రాంతం నాటిది, రాబర్ట్ డేవిస్ అనే స్థానిక కమ్మరి పని. చర్క్ కోట గేట్లు చేసింది కూడా ఇతనూ, ఇతని సోదరుడూ కలిసే. పోత పోసిన ఇనుము కాదిది. కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, వేడి మీదే వంచి చుట్టలు తిప్పినది. ఊచ చివర సన్నబడుతూ సన్నబడుతూ తీగ నులిలా చుట్టుకుంటుంది.

గేటు దాటితే 135 అడుగుల గోపురం. అంతకుముందున్నది 1330లో కూలిపోయింది. ఆ తర్వాత పదిహేనో శతాబ్దంలో చర్చి అగ్నికి ఆహుతైంది. ఇప్పటి గోపురం పని మొదలైంది 1506లో. 'వేల్స్ ఏడు వింతలు' అని జనం చెప్పుకునే పద్యంలో దీన్ని కూచిగా లేచిన శిఖరమన్నారు గానీ, కూచి ఎక్కడుంది? పైన చదునే. నాలుగు మూలలా నాలుగు చిన్న బురుజులు, వాటి మీద ముళ్లలాంటి కొసలు. గోడ ఎక్కడా నున్నగా ఖాళీగా ఉండదు. ఇసుకరాతిని పలకలు పలకలుగా చెక్కి, మధ్యమధ్య గూళ్లు తీసి, వాటిలో సాధువుల బొమ్మలు నిలిపారు. కింద నిలబడినవాడి కంటికి ఆనని ఎత్తులో కూడా చెక్కడం మానలేదు.

అసలు నేర్పు లోపల ఉంది. పదహారో శతాబ్దం మొదట్లో, బలిపీఠం ఉండే భాగాన్ని తూర్పుకు పెంచాలనుకున్నారు. అడ్డంగా పాత తూర్పు గోడ, అందులో పెద్ద కిటికీ. గోడంతా పడగొట్టి కొత్త ఆర్చి కట్టుకోవచ్చు. మేస్త్రీలు అలా చేయలేదు. కిటికీ కిందిగోడ తీసేసి, నడిమి రాతి కమ్ములు తొలగించి, దాన్నే వాకిలిగా వాడుకున్నారు. దగ్గరికి వెళ్లి తలెత్తి చూస్తే, ఒకప్పుడు గాజు పలకలను పట్టి ఉంచిన రాతి అల్లిక తాలూకు మొండి ముక్కలు ఆర్చి లోపలి అంచున ఇంకా కనిపిస్తాయి. వాటినీ చెక్కి నున్నగా చేసి ఉంటే ఈ కథ మనకు తెలిసేదే కాదు. బద్ధకమో, పొదుపో, పాత పనివాడి మీద గౌరవమో! మూడోదే అనుకోవడం నాకిష్టం.

ఆ ఆర్చి పైన గోడ మీద అంత్యతీర్పు చిత్రం. రంగులు బాగా వెలిసిపోయాయి. తీర్పరిగా కూర్చున్న క్రీస్తు, సమాధుల్లోంచి లేస్తున్న జనం.

అదే కప్పు కింద అదే ఘట్టాన్ని మరో చెయ్యి మళ్లీ చెప్పింది. ఫ్రాన్సులో పుట్టి లండన్‌లో స్థిరపడిన శిల్పి రూబిల్యాక్, మేరీ మిడిల్టన్ అనే ఆమె స్మారకంగా 1750ల తొలినాళ్లలో చేసిన పాలరాతి శిల్పం ఇది. కడబూర మోగింది. వెనక రాతి కట్టడం బీటలు వారి కూలుతోంది. శవపేటిక మూత తొలగి, ఆమె లేస్తోంది. గోడమీది చిత్రంలో లేచేది గుంపు. ఇక్కడ ఒక్కతే, అదీ పడుచు రూపంలో. బీటలు వారిన రాయీ రాయే, ఒంటి మీది పలుచని బట్టా రాయే. ఒకటి బరువుగా కింద పడుతుంటే, రెండోది తేలిగ్గా పైకి లేస్తుంది.