రాయి తినిన ఉలి

నా చిన్నతనమున సిద్దిపేటలో మా వాడకు ఏడాదికొకమారు ఒక ముసలి వడ్డెర వచ్చుచుండెడివాడు. "రోళ్లకు, ఇసుర్రాళ్లకు కక్కు గొడ్తం" అని అతడు వీధి మొగలో కేక వేసిన తోడనే, అరిగి అరిగి నునుపెక్కి, జొన్నలను పిండిచేయుట మాని ఊరక నలిపి విడుచుచున్న మా ఇంటి విసురురాతిని నాయనమ్మ మా పిల్లల చేత అరుగు మీదికి దొర్లించెడిది. అతడు గోనెసంచి విప్పి, తొమ్మిదియో పదియో ఉలులను వరుసగా పేర్చుకొని, ఒకదానితో కొంతసేపు గంట్లు కొట్టి, దానిని ప్రక్కన పడవైచి, మరియొకదానిని అందుకొని, పని ముగియునప్పటికి ఇంచుమించు అన్నిటిని మార్చెడివాడు. ఒక్క రాతికి ఇన్ని ఉలులెందుకని నేనొకనాడడుగగా, అతడు సుత్తె ఆపకయే, "ఒక్క ఉలితోని ఎట్లయితది బాపూ? మనం రాయిని కొడ్తుంటే రాయి ఉలిని తింటది గద" అనెను.

ఆ మాటను నేనప్పుడు పరిహాసముగా తలచితిని. పిదప ముప్పదియేండ్లు యంత్రముల రూపకల్పనను విద్యార్థులకు బోధించి, నల్లబల్లమీద లెక్కలేనన్ని పటములు గీచి, విశ్రాంతి తీసికొనుచున్న యీనాడు వెనుదిరిగి చూచుకొన్నచో, రాతిపని పనిముట్లను గూర్చి నేను చెప్పిన పాఠములన్నియు ఆ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానములే యని తోచుచున్నది. రాతిని గెలిచిన పనిముట్టు ఇంతవరకు పుట్టలేదు. రాయి ఎంత తినునో ముందుగా లెక్కవేసి, ఆ మేరకు ఉక్కును దానికి అర్పించుటయే ఈ విద్యయొక్క సారము.

మన ఊళ్లు నిలిచియున్న యీ దక్కను నల్లరాయి, ఎఱ్ఱరాయి సామాన్యమైనవి కావు. ఇవి దాదాపు 250 కోట్ల యేండ్ల నాటి గ్రానైటు జాతులు. వీనిలోని పలుగురాయి రేణువుల కాఠిన్యము మోస్ కొలతలో 7. మామూలు ఉక్కు ఆరున్నర దాటదు. గీచిన యెడల ఉక్కుపైననే గీత పడవలెను గాని రాతిమీద పడరాదు. అట్లయ్యును ఉలి రాతిలోనికి దిగుచున్నదన్నచో అందుకు కారణము దాని కాఠిన్యము కాదు, రాతి బలహీనత. మంచి గ్రానైటు చదరపు సెంటీమీటరుకు టన్నుకు మించిన ఒత్తిడినైనను ఓర్చుకొనును. కాని అదే రాతిని ఇరుప్రక్కలకు లాగినచో అందులో పదవ వంతు బలమునకే, తరచు అంతకంటె తక్కువకే, విడిపోవును. ఉలిమొన తగిలినచోట చిటికెడు రాయి నుగ్గగును. ఆ నుగ్గు ఇరుకున చిక్కి చుట్టునున్న రాతిని ప్రక్కలకు నెట్టును. సన్నని పగుళ్లు పుట్టి, అవి పైకి వంగి, ఒక పెచ్చు లేచిపోవును. రాతిని "కోయుట" యని మనమనుచున్నది నిజమునకు కోత కాదు. కత్తి గుమ్మడికాయను కోయును. ఉలి రాతిని నొక్కి, దాని చేతనే దానిని విడదీయించును.

వడ్డెరలు ఇది పుస్తకములలో చదువలేదు. చదువవలసిన పనియు వారికి లేదు. మా పొలమున బావి త్రవ్వించినప్పుడు మధ్యలో అడ్డుపడిన గుండును వారు విడగొట్టిన తీరు నాకింకను కన్నులకు కట్టినట్లున్నది. మొదట మేస్త్రి గుండు చుట్టును తిరిగి, సుత్తెతో అక్కడక్కడ తట్టి, రాతి వాటము ఏ దిక్కున నున్నదో నిశ్చయించుకొనెను. ఆ వాటము వెంబడి జానెడు జానెడు దూరమున గుంటలు తొలిచి, ఇనుప చీలలను దిగవేసి, ఈ చివరినుండి ఆ చివరివరకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క దెబ్బ చొప్పున, తొందరపడక, వరుస తప్పక కొట్టుకొనిపోయెను. దెబ్బ దెబ్బకు మ్రోత బిగిసి సన్నగిల్లుచుండెను. ఒకచోట ఆగి, సమ్మెట దించి, బీడీ వెలిగించుకొని కూర్చుండెను. ఏమి ఆగితివని మా నాయన యడుగగా, "ఇగ దాని పని అది చేసుకుంటది పటేలా" అనెను. బీడీ ముగియకమునుపే గుండు గుమ్మడిగింజవలె నిలువునా విచ్చిపోయెను.

ఇక ఉలిమొన సంగతి. మొన సూదివలె నున్నచో రాతిలోనికి చులకనగా దిగును, కాని విరిగిపోవును. మొద్దుగా నున్నచో విరుగదు, దిగదు. ఉక్కు మరీ గట్టిదైనచో పెళుసై పెచ్చులూడును. మెత్తనిదైనచో నలిగి గొడుగువలె విచ్చుకొనును. ఈ రెంటి నడుమ సన్నని బాటను వెదకుటయే కమ్మరి పెట్టు పాను. అతడు కొలిమిలో మొనను ఎఱ్ఱగా కాల్చి, కొనను మాత్రము నీట ముంచి తీసి, వెనుకనున్న వేడి మరల మొనవైపునకు ప్రాకుచుండగా ఎండుగడ్డి రంగు పోయి నీలి రంగు వచ్చునంతలో, కన్ను ఆర్పక కనిపెట్టియుండి, తనకు కావలసిన రంగున మరల ముంచివేయును. క్షణము ఆలస్యమైనచో ఆ ఉలి మెత్తబడినట్లే.

ఈ కమ్మరి చిక్కే తరువాత పెద్ద కర్మాగారముల చిక్కును అయినది. 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ అను శాస్త్రజ్ఞుడు విద్యుద్దీపముల సన్నని టంగ్‌స్టన్ తీగను లాగు అచ్చులకై వజ్రమునకు బదులు మరియొక పదార్థమును వెదకుచు, టంగ్‌స్టన్ కార్బైడు పొడిని కోబాల్టుతో కలిపి కాల్చి గట్టిపరచెను. కొలదికాలమునకే క్రుప్ సంస్థ దానిని "విడియా" అను పేర, అనగా "వజ్రమువంటిది" యను అర్థము వచ్చు జర్మను మాటలను కుదించి, విపణికి తెచ్చినది. దీపపు తీగకై పుట్టిన ఆ ముద్దయే ఈనాడు రాతిని తొలుచు పెక్కు బిట్ల మొగములమీద గుండీలై కూర్చున్నది. దానికిని పాను సమస్య తప్పలేదు: కోబాల్టు పెరిగినచో దెబ్బకు ఓర్చును గాని త్వరగా అరుగును, తగ్గినచో అరుగదు గాని పగులును. ఆ పాలును రాతిని బట్టి నిర్ణయించు ఇంజనీరు, నీలి రంగును కనిపెట్టియుండు మన కమ్మరికి దూరపు చుట్టమే.

చేతి సుత్తె స్థానమున యంత్రము వచ్చినది ఆల్ప్స్ పర్వతములలో. ఫ్రాన్సు, ఇటలీలను కలుపు ఫ్రెజూ సొరంగమును 1857లో చేతిపనితో మొదలుపెట్టగా, 1861 నుండి జెర్మెయిన్ సొమెయే యనునతడు అదిమిన గాలితో నడచు తొలుపుయంత్రములను అందు ప్రవేశపెట్టెను. 1871లో సొరంగము తెరవబడెను. మన బావులలోనికి కంప్రెసరు, జాక్‌హామరు వచ్చునప్పటికి మరి కొన్ని తరములు గడచినవి. ఆ పిమ్మట బోరు బండి వచ్చినది. 1967లో, ఉత్తర భారతమున కరవు విలయతాండవము చేయునప్పుడు, గట్టిరాతిని తొలుచు బండ్లను యూనిసెఫ్ విమానముల మీద మన దేశమునకు తరలించినది. నేడు తమిళనాటి తిరుచెంగోడు బండ్లు మన తెలంగాణ పొలములలో రాత్రింబవళ్లు తిరుగుచున్నవి.

బోరు బండిలోని యుక్తి మెచ్చదగినది. పైనుండి కొట్టిన దెబ్బ వందల అడుగుల కడ్డీల అతుకులలో ఆవిరియై పోవుచుండగా, 1950వ దశకమున బెల్జియము దేశీయుడగు స్టెన్యుయిక్ వంటివారు సుత్తెనే బిట్టు వెనుక కట్టి బొరియలోనికి దింపిరి. బిట్టు ప్రతి దెబ్బకు కొంచెము తిరుగును; అందుచేత ప్రతి గుండీ ప్రతి పర్యాయము క్రొత్త రాతిని తాకును; గాలి నుగ్గును పైకి ఊదివేయును. అన్నిటికంటె ముందు అరుగునవి అంచు గుండీలు. అవి అరిగిన కొలది బొరియ సన్నగిల్లును. సన్నగిల్లిన బొరియలోనికి క్రొత్త బిట్టు దిగదు. కావున అనుభవశాలియైన డ్రిల్లరు తన బిట్లను కొలిచి, లావుదానిని మొదట, అరిగినదానిని పిదప, వరుస తప్పక దింపును. ఒక రాత్రి మా పొలమున అట్లు వరుసగా పేర్చిన బిట్లను చూచినప్పుడు, నాకు గోనెసంచి మీది పది ఉలులు జ్ఞప్తికి వచ్చినవి.

ఈ మార్పును జలాశయముల కట్టడములలోను చూడవచ్చును. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. సిమెంటు కాంక్రీటుకు బదులు రాతికట్టడమునకే పెద్దపీట వేసిన ఆ మహానిర్మాణమున వేలకొలది కూలీల సుత్తెలు మ్రోగినవి. 2020 ఏప్రిల్ 24న మా సిద్దిపేట చెంత చంద్లాపూరు వద్ద రంగనాయకసాగరములోనికి గోదావరి జలములు దుమికినప్పుడు, కొండల క్రింది సొరంగములో, భూగర్భపు పంపుహౌసులో ఆ ఉలిమ్రోత లేదు. బూమరు యంత్రములు బొరియలు వేయగా, తూటాలు పేలి, లోడర్లు రాతిని మోసికొనిపోయినవి. రెండు కట్టడముల నడుమ అరువదియైదేండ్లు. పద్ధతి మారినది గాని రాయి మారలేదు.

తూటాలు లేకయే సొరంగము తొలుచు మహాయంత్రము చరిత్రయు ఒక విధమున అరుగుదల చరిత్రయే. 1950వ దశకారంభమున అమెరికాలో ఓవాహి ఆనకట్ట వద్ద జేమ్స్ రాబిన్స్ నడిపిన యంత్రమునకు గీరు పండ్లును, దొర్లు చక్రములును రెండును ఉండెను. 1956లో కెనడాలోని టొరంటోలో మరింత గట్టి రాయి ఎదురుపడగా పండ్లు విరిగి విరిగి రాలినవి. విసిగి వానిని తీసివేసి చూడగా, చక్రములే ఆ పనిని చక్కగా నెరవేర్చినవి. 17 అంగుళముల చక్రమొక్కటి ఇంచుమించు పాతిక టన్నుల బరువుతో రాతిని నొక్కుచు దొర్లును. ప్రక్క చక్రపు చాలుకు ఈ చాలుకు నడుమ మిగిలిన రాయి పెచ్చులుగా లేచిపోవును. చీలలను వరుసగా దింపిన మా మేస్త్రి యుక్తియే ఇది. వరుస వలయాకారమైనది, అంతే భేదము.

కాని ఒక భేదము మాత్రము చిన్నది కాదు. మేస్త్రి వెనుకకు అడుగు వేయగలడు. ఆ యంత్రము వేయజాలదు. వెనుక బిగించుకొనివచ్చిన కాంక్రీటు పలకల వలయము దాని తలకంటె ఇరుకు. శ్రీశైలం ఎడమగట్టు కాలువకై దాదాపు 44 కిలోమీటర్ల సొరంగమును పదేసి మీటర్ల అడ్డుకొలత గల ఇట్టి యంత్రములతో రెండు చివరలనుండి తొలువబూనగా, పలుగురాతి పొరలు చక్రములను తినివైచినవి. పని ఏండ్ల తరబడి సాగినది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపున పైకప్పు కూలి, నీరును బురదయు ముంచుకొనిరాగా, ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. వారిని వెదకుటకై, రాతిని తొలువ వచ్చిన ఆ ఉక్కునే గ్యాసుమంటతో ముక్కలు ముక్కలుగా కోయవలసివచ్చినది. ఉక్కు ఎంత అరుగునో వేసిన లెక్కలు ఎన్నో ఉన్నవి; మనుష్యులు ఎందరు పోదురో అను లెక్క మాత్రము ఎక్కడను కనబడదు.

ఆ లెక్కలో మరి నెమ్మదిగా, సద్దు లేక పోవువారును కలరు. 1897 ప్రాంతమున అమెరికాలో జార్జి లేనర్ బోలు కడ్డీ గుండ గాలి ఊది నుగ్గును వెడలగొట్టు యంత్రమును చేసెను. అది బాగుగా పనిచేసినది. కాని ఆ పొడి గనివాండ్ర ఊపిరితిత్తులలో చేరగా, ఆ జాతి యంత్రములకు వారు "విధవలను చేయునది" అని పేరు పెట్టిరి. లేనర్ మరల ఆలోచించి, గాలికి తోడు అదే బోలు కడ్డీ గుండ నీటిని పంపెను. పొడి బురదయై క్రింద పడినది. రాతిపని యంత్రముల చరిత్రలో ఇది నాకు అన్నిటికంటె గొప్ప రూపకల్పనగా తోచును. ఏలయన ఇది ఉలి ఆయువును గాక మనిషి ఆయువును లెక్కించి చేసిన మార్పు. ఆ పొడివలన కలుగు సిలికోసిస్‌ను మన 1948 నాటి కర్మాగారముల చట్టము తెలుపదగిన వ్యాధులలో చేర్చినది. దానికి నేటికిని మందు లేదు.

ఇంత తెలిసిన నేను చేసినదేమి? మొన్న మా వంటింటి గట్టుకు గ్రానైటు బండ వేయించితిని. ఇరువదియేండ్ల కుఱ్ఱవాడొకడు ముఖమునకు చేతిరుమాలు కట్టుకొని, వాకిట గ్రైండరుతో పొడిగా బండ కోయుచుండగా తెల్లని పొడి ఇల్లంతయు ఆవరించినది. నేను చేసిన పని కిటికీలు మూయుట. మూసిన కిటికీ అద్దములోనుండి అతనిని చూచుచు ఒక గంట గడిపిన పిదప గాని నాకు సిగ్గు కలుగలేదు. బయటికి వచ్చి, నీళ్లు పోసి కోయరాదా అంటిని. "నీళ్లు పోస్తె గీత కనవడది సార్, మిషన్ల కరెంటు గుడ కొడ్తది" అని అతడు నవ్వెను. అతడు చెప్పినది నిజము. చేతి గ్రైండరు మీద నీరు పోయుట ప్రాణాపాయమే. కాని నీటి గొట్టముతో కూడి నీటితోనే కోయుటకు తగినట్లు చేసిన కోత యంత్రములు కలవు. బండల దుకాణములలో అవి తడుపుచు కోయును. సుద్దగీత చెరిగినచో మైనపు పెన్సిలు గీత చెరుగదు. ఇవన్నియు తెలిసియు బండ కొన్ననాడు నేను ధర తప్ప మరేమియు అడుగలేదు.

కక్కు కొట్టు ముసలివాడు చివరి యేండ్లలో, దెబ్బకు దెబ్బకు నడుమ దగ్గుచుండెడివాడు. వయసు మీరినదని మేమనుకొంటిమి. పాఠకులకు నా విన్నపమొక్కటే: మీ ఇంట బండ వేయించునప్పుడు, అది పొడిగా కోయుదురా, తడిపి కోయుదురా యని ధరకంటె ముందుగా అడుగుడు, దుకాణములోనే కొలతకు తడిపి కోయించి తెప్పించుకొనుడు, వాకిట కోయక తప్పనిచో నీటి గొట్టమున్న యంత్రమును, సరియైన ముసుగును తెమ్మనుడు.