డంగు సున్నంతో లేచిన ఇంగ్లీషు మేడ

హైదరాబాదు కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోకి వెళ్లి పాత రెసిడెన్సీ భవనం ముందు నిలబడితే మొదట కంటికి ఆనేవి ఆరు స్తంభాలు. ఒక్కొక్కటి దాదాపు 40 అడుగుల ఎత్తు. వాటి తలల మీద ఆకుల అల్లిక, ఆపైన త్రికోణపు ముఖభాగం, అందులో ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నం, మెట్లకు చెరోపక్క ఒక సింహం. ఇంగ్లండు పల్లెసీమల్లో ప్రభువులు కట్టుకున్న మేడలకు ఇది దక్కను చుట్టం. స్తంభాలను చూసి చాలామంది పాలరాయి అనుకుంటారు. కాదు. లోపల ఇటుక, పైన సున్నం. ఈ మేడ గొప్పతనంలో సగం దాని నమూనాది, మిగతా సగం ఆ సున్నానిది. నమూనా గీసినవాళ్ల పేర్లు చరిత్రకెక్కాయి. సున్నం పని చేసినవాళ్లవి ఎక్కలేదు.

నమూనా మూలం కూడా ఇంగ్లండు కాదు, ఇటలీ. పదహారో శతాబ్దంలో వెనిస్ చుట్టుపక్కల భూస్వాములకు ఇళ్లు కట్టిన ఆంద్రేయా పల్లాదియో, పాతకాలపు రోము గుళ్ల ముఖమండపాన్ని తెచ్చి ఇళ్ల ముందు పెట్టాడు. తన పద్ధతులన్నీ 1570లో నాలుగు భాగాల పుస్తకంగా అచ్చు వేయించాడు. ఒకటిన్నర శతాబ్దం గడిచాక లార్డ్ బర్లింగ్టన్ వంటి ఇంగ్లీషు ప్రభువులకు ఆ పుస్తకమే శాస్త్రమైంది. దాని ప్రకారం ఇంటికి నట్టనడుమ ఒక గీత గీస్తే రెండు సగాలూ అచ్చు ఒకేలా ఉండాలి. గది పొడవు, వెడల్పు, ఎత్తులకు పరస్పరం లెక్క కుదరాలి. కింది అంతస్తు వంటకూ సరుకులకూ నౌకర్లకూ. దొరగారి గదులు దానిపైన. ముంగిట అన్ని మెట్లు ఎక్కవలసి రావడం అందుకే. గుమ్మం దాటగానే ఎత్తైన హాలు, వెనకపక్క తోటలోకి తెరుచుకునే కొలువుగది. కౌలు చెల్లించే రైతు ఆ మెట్ల కింద నిలబడి తలెత్తి చూడాలి. ఇంటి కొలతల్లో అందంతోపాటు అధికారం కూడా ఉంది.

ఆ అధికారపు భాషే కంపెనీ దొరలకు ఇక్కడ అక్కరకొచ్చింది. డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాలును ఆదర్శంగా పెట్టుకుని కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ కట్టించిన గవర్నమెంట్ హౌస్ 1803లో పూర్తయింది. హైదరాబాదులో రెసిడెన్సీ పని మొదలైందీ ఆ ఏడాదే. కట్టించినవాడు నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ ఎకిలీస్ కిర్క్‌పాట్రిక్. స్థలం సంపాదించడం గురించి ఆ రోజుల్లో కంపెనీ అధికారుల మధ్య బాగా తిరిగిన కథ ఒకటుంది. అరవై ఎకరాలు కావాలంటూ పెద్ద పటం గీయించి తీసుకెళ్తే నిజాం అలీ ఖాన్ ససేమిరా అన్నాడట. నవాబుగారు తన రాజ్యం మొత్తాన్ని కూడా అంతే పెద్ద కాగితం మీద చూశారు, మీరు అడిగేది అర్ధరాజ్యమేమో అనుకున్నారు అని దర్బారు పెద్ద ఒకాయన చెవిన వేశాడట. రెండోసారి అదే స్థలాన్ని చీటీ అంత కాగితం మీద గీసి చూపిస్తే నవ్వి ఒప్పుకున్నాడట. కట్టుబడి ఖర్చు కూడా నిజాం ఖజానాదే. నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్, చిత్రకారుడు జాన్ రస్సెల్ కొడుకు. మేడ పూర్తిగా తయారయ్యేనాటికి కిర్క్‌పాట్రిక్ లేడు. 1805లో కలకత్తాలో చనిపోయాడు.

ఇక్కడి ఎండకు ఈ నమూనా ఎలా ఆగింది? ముఖమండపం ఉత్తరానికి చూస్తుంది. ఇంగ్లండులో ఉత్తరపు ముంగిలి అంటే చలి, చీకటి. హైదరాబాదులో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా తప్పిస్తే మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికే వాలి ఉంటాడు. అందుచేత ఏడాదిలో ముప్పాతిక భాగం మధ్యాహ్నాలు ఆ ముంగిలి నీడపట్టునే ఉంటుంది. దక్షిణపు గోడ అర్ధచంద్రాకారంలో మూసీవైపు ఉబికి ఉంటుంది. నదిగాలి ఆ కిటికీల్లోంచి రావాలి. లోపలి దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తు కాబట్టి వేడిగాలి పైకి పోయి కింద చల్లగా ఉంటుంది.

ఇంగ్లండులో ఇలాంటి మేడకు రాతిని తొలిచేవారు. దక్కనులో రాయికి కొదవ లేదు, కానీ అది గ్రానైటు. అందులో ఆకులూ తీగలూ తీయాలంటే ఏళ్లు పడతాయి. ఇక్కడి మేస్త్రీలకు వేరే దారి తెలుసు. 1591 నాటి చార్మినారు మీద, కుతుబ్‌షాహీ సమాధుల మీద కనిపించే పూల పట్టీలు ఎక్కువగా గచ్చుపనే. అదే విద్యతో పరదేశపు ఆకులను స్తంభాల తలల మీద మలిచారు.

ఆ విద్య కాస్త దగ్గరగా చూడదగ్గది. సున్నపురాయిని బట్టీలో కాల్చి నీళ్లు పోస్తే బుసబుసా పొంగి పొడవుతుంది. దాన్ని నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో వేస్తారు. నేలలో గుండ్రంగా రాతి కాలువ, అందులో నిలువుగా రాతిచక్రం, దాన్ని లాగుతూ ఎద్దులు. వెన్నలా నలిగే దాకా తిప్పితే వచ్చేదే డంగు సున్నం. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు పోస్తారు. బెల్లం వల్ల ముద్ద తక్కువ నీటితోనే సాగుతుంది. కరక్కాయ వగరు పట్టును పెంచుతుంది. గోడకు మొదటి పూత గరుకుగా, రెండోది సన్నగా వేస్తారు. మూడో పూతకు ఇసుక తగ్గి సున్నం పాలు పెరుగుతుంది. మద్రాసు వైపు దానికి గుల్ల సున్నం వాడి, గుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపేవారు. సెయింట్ హెలెనా దీవి గవర్నరు ఐజాక్ పైక్ ఈ మద్రాసు పాకం గురించి రాసి పంపితే 1732లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కడపటి పూత తడి ఆరకముందే నున్నటి గులకరాయితో రుద్దుతారు, బలపం పొడి చల్లి మళ్లీ రుద్దుతారు. చెయ్యి ఆగితే మచ్చ పడుతుంది; అందుకని ఒక స్తంభానికి పైనుంచి కిందిదాకా మనుషులు వరసగా నిలబడి ఒకేసారి పని ముగించాలి. ఆ తర్వాత సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని ఏళ్ల తరబడి తిరిగి రాయిగా మారుతూ ఉంటుంది. చూసినవాళ్లు పాలరాయి అనుకోవడంలో తప్పేముంది?

ఈ మేడలో ఇంగ్లీషు నమూనాలో ఎక్కడా చోటులేని భాగం ఒకటి ఉండేది. కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన ఖైరున్నీసా బేగం గోషా పాటించేది. ఆమె కోసం తోటలో రంగమహల్ అనే జనానా కట్టించాడు. గోషాలో ఉండి మేడ ముంగిలిని చూడలేని భార్య కోసం దాని చిన్న నమూనాను గచ్చుతో చేయించి తోటలో పెట్టించాడని చెబుతారు. ఆ బుల్లి మేడ ఇప్పటికీ ఉంది. రంగమహల్‌ను మాత్రం తర్వాతి రెసిడెంటు ఒకరు 1860లో కూల్పించేశాడు. అంతకు మూడేళ్ల ముందు, 1857 జులై 17న, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ తర్వాత ప్రహరీ గోడలు బలిశాయి, పల్లెమేడ కోటయింది. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఇందులోకి వచ్చింది. ఇల్లాలు ముంగిలి కూడా చూడలేకపోయిన ఇంట్లో వేలాది మంది ఆడపిల్లలు డిగ్రీలు చదువుకున్నారు.

కట్టడం మాత్రం నలిగింది. మిద్దె మీద నీరు నిలిచి, పగుళ్లలో రావిమొక్కలు వేళ్లు దించి, దర్బారు హాలు అడుగుపెట్టే స్థితిలో లేకుండా పోయింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ మీదట జరిగిన మరమ్మతుల్లో మళ్లీ సున్నమే దిక్కయింది. సున్నపు గోడ తేమను పీల్చి తిరిగి వదిలేస్తుంది. దానిపైన సిమెంటు పూస్తే తేమకు బయటికి దారి ఉండదు. లోపలి ఇటుక దెబ్బతిని, పూత పెచ్చులుగా ఊడుతుంది. తొందరపడి చేసిన సిమెంటు మరమ్మతు నిర్లక్ష్యం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇది కోఠీవాళ్లకే పట్టిన సంగతి కాదు. పాత రైల్వే కట్టడాల్లోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. దొరల మేడ చిన్నదై, ముఖమండపం పోయి వరండా మిగిలి, బంగళాగా, ఆపైన క్వార్టరుగా దిగివచ్చింది. టేకు దూలాల మీద ఇటుకలను అంచుమీద పేర్చి సున్నంతో కట్టే మద్రాసు మిద్దె స్థానంలో, ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమాన్లు కట్టే పైకప్పు వచ్చింది. 1912లో జంషెడ్‌పూర్‌లోని సాక్చిలో ఉక్కు తీయడం మొదలయ్యాక గర్డరు మన దేశంలోనే దొరికింది. కానీ దూలం మారినా, కమానులోని ఇటుకలను పట్టి ఉంచింది చాలాకాలం సున్నమే. దేశంలో ఎక్కడైనా అలాంటి పాత పైకప్పు చెమ్మ పడితే ముందు అడగవలసింది, అందులో ఉన్నది సున్నమా, సిమెంటా అని.

కోఠీ మేడ విలువ ఆ సున్నం పనిలో ఉంది. పల్లాదియో లెక్కలు అచ్చులో భద్రంగా ఉన్నాయి, ఎవరైనా నేర్చుకోవచ్చు. గానుగలో ఎంతసేపు తిప్పాలో, ఏ పూత ఎప్పుడు రుద్దాలో చేతికే తెలుస్తుంది. ఆ చెయ్యి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. కొత్త ఇళ్లలో ఆ పని లేదు కనుక పాత కట్టడాల మరమ్మతే దానికి మిగిలిన బడి. టెండరులో సున్నం పని అని రాసి, గడువు మాత్రం సిమెంటు లెక్కన ఇస్తే ఆ బడి మూతపడుతుంది. పూత ఆరేదాకా ఆగే ఓపిక, మేస్త్రీకి గిట్టుబాటయ్యే కూలి, పక్కన ఇద్దరు కుర్రాళ్లకు నేర్చుకునే వీలు ఉంటేనే ఆరు స్తంభాలకు ఇంకో రెండు వందల ఏళ్లు ఆయుష్షు.