తోలు పోయిందని ఏడ్చేవాళ్లకు

డీజే వచ్చి డప్పును మింగిందనీ, ఫైబరు వచ్చి తోలును చంపిందనీ సాహితీ సభల్లో ఈమధ్య తెగ బాధపడుతున్నారు. డప్పు మీద ఏ వ్యాసం చూసినా ఈ ఏడుపే. ఏడ్చేవాళ్లలో ఎంతమంది మా వాడలో ఒక్క పూటన్నా కూసున్నారు? కూసుంటే తోలు పని ఏందో ముక్కుకు తెలిసేది.

మా నాయిన డప్పులు కట్టేవాడు. మేక తోలు సున్నంలో నానేసి, ఎంటికలు గీకి, చింతగింజల పిండి ఉడికించి దాంతో చెక్క గుండుకు అంటించి, సాగదీసి ఆరబెట్టాలి. ఇంత చేసినా వానపడితే తోలు మెత్తబడి డప్పు మూగబోతది. గడ్డి మంట కాడ కాపితేనే మళ్లీ పలుకుతది. సావింటి ముందర వానకు తడుస్తా, పిడికెడు ఎండుగడ్డి కోసం పటేలు వాము దిక్కు చూస్తా నిలబడ్డ మనిషి మా నాయిన. ఫైబరు డప్పు చేతికొచ్చిన రోజు, "దీనికి మంట అక్కర్లేదురా" అన్నాడు. మోతలో తేడా ఆయనకు తెల్వక కాదు. "రేకు డబ్బా లెక్కనే ఉంది" అని నవ్విండు కూడా. అయినా కొన్నాడు.

మన విమర్శకులు ఈ కొనడాన్ని సంస్కృతి పతనం కింద రాసుకుంటున్నారు. వాళ్లకు డప్పు కళ మాత్రమే. మాకది వెట్టి కూడా. చాటింపు వెయ్యాలి, శవం ముందు కొట్టాలి, జాతరలో కొట్టాలి, గుడి లోపలికి మాత్రం పోగూడదు. కొట్టనంటే ఊరు ఊరంతా మీదపడేది. ఆ డప్పునే 1994లో ఈదుమూడిలో పుట్టిన దండోరా భుజానికెత్తుకుని హక్కుల కోసం మోగించింది. వెట్టికి మోగిందీ హక్కుకు మోగిందీ ఒకే తోలు. ఎవరి కోసం, ఎవరి ఇష్టం మీద మోగిందన్నది వదిలేసి తోలా ఫైబరా అని కొట్లాడితే ఏం తేలుతది?

నా పేచీ వేరే చోట ఉంది. పాత డప్పుకు తోలు మాది, సిర్ర మాది, సిటికెన పుల్ల మాది, చెయ్యి మాది. తిట్లు పడ్డా పనిముట్టు మాది. డీజే బండికి లక్షలు కావాలి. బండి ఒకరిది, మా పిలగాండ్లు దానికి వైర్లు మోస్తున్నారు. క్యాసెట్ల కాలంలో స్టూడియోకు పోయిన మావాళ్లు ఒక పూట కూలి తీసుకుని బస్సెక్కి వచ్చారు. తర్వాత తీన్మార్ దెబ్బ కీబోర్డులో ఒక మీట అయిపోయింది. మీట నొక్కేవాడికి పైసలున్నాయి, పేరుంది. 2012లో కాపీరైటు చట్టం సవరించి ప్రదర్శకులకు కూడా రాయల్టీ హక్కు ఇచ్చారు. క్యాసెట్టు అట్ట మీద పేరే లేనోడు ఏ కాయితం చూపించి అడగాలె?

మృదంగం సంగతీ ఇంతే. దాన్ని తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని ఏకంగా పుస్తకమే రాయాల్సి వచ్చింది. ఫైబరు మృదంగాలూ వచ్చాయి. ఏది వాయించినా కచేరీ కరపత్రం మీద చేసినోడి పేరుండదు.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024లో నెలకు 4000 చేశారు. మంచిదే. అది ముసలితనానికి ఆసరా, దరువుకు ధర కాదు.

ఇప్పుడు మా బడి పిల్లలు ఫోన్లో దరువులు రికార్డు చేస్తున్నారు. ఏ డప్పుతో కొడతారో వాళ్లిష్టం, నాకు పట్టింపు లేదు. ముందు పేరు, ఊరు చెప్పి కొట్టమన్నాను. ఎనిమిదో తరగతి పిలగాడొకడు "ఇంటిపేరు కూడా చెప్పాల్నా సార్?" అని అడిగిండు.

చెప్పమన్నాను.